ముఖాలు లేని తీగలు

రైల్వేస్టేషన్ రోడ్డులో రిపేరు దుకాణం ముందు సోల్డరింగ్ పొగ లేస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆ ఘాటు వాసనలో ఖుర్షీదాపా ఉంటారు. వికారాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాక, లైసెన్సు తీసుకుని, మేడమీద తీగ కట్టి, ఎక్కడెక్కడి వాళ్ళతోనో హామ్ రేడియోలో మాట్లాడేవారు. నేను బొంరాస్‌పేట దగ్గర గొర్లు కాస్తూ పెరిగాను. నాకు మనవరాలు పుట్టాక ఆపా ఇంట్లో పనికి కుదిరాను. నాకు అక్షరాలు ఆ రేడియో పక్కనే వచ్చాయి.

గాలివానకు కరెంటు పోయినా రేడియో మూగబోకూడదని ఆపా ఒక బ్యాటరీ పెట్టె తయారుచేశారు. బ్యాటరీకి ఒక సాకెట్టు, అందులో పెట్టడానికి నాలుగు ప్లగ్గులు: ఛార్జరు, రేడియో, దీపం, ఫోను. ఒక్కోదానికీ తెలుగులో పేరు రాసిన చీటీ అంటించారు. కరెంటు పోగానే ఛార్జరుది తీసి రేడియోది పెట్టడం నా పని. కొద్దిరోజుల్లోనే తడుముకోకుండా చేస్తుంటే, నాకు చదవడం వచ్చేసిందని ఆపా మురిసిపోయి ఒక ప్లగ్గు చూపించారు.

"ఇదేంది, చదువు."

"రేడియో."

"ఎట్ల తెల్సింది?"

"మెడకాడ జర వంకరున్నది ఆపా. ఛార్జర్‌దానికి గీత వడ్డది. దీపంది పొట్టిది."

ఆపా నెత్తి పట్టుకున్నారు. "అరే మల్లమ్మా! గొర్ల లెక్క తీగల మొఖాలు గుర్తువట్టినవా? మరి నేను రాసినయేంది, తీగలకు నగలా?" ఇద్దరం కూలబడి నవ్వాం. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు పలక ముందు కూర్చోబెట్టారు.

వానాకాలానికి ముందు ఒక రిహార్సల్ పెట్టుకున్నారు. ఆపా తాండూరులో కూతురింటి మేడమీది నుంచి ఇంకో రేడియోలో పిలవాలి. వికారాబాద్‌లో ఆపా ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి, ఆమె రేడియో స్నేహితుడు రాఘవ సారు బ్యాటరీ మీద జవాబు చెప్పాలి. "ప్లగ్గు మల్లమ్మనే మార్చాలె. మీరు చేతులు ఎన్కకు కట్టుకోండి సార్," అన్నారు ఆపా.

"అసలు వాన కొట్టిన్నాడు ఈమె పరేషాన్ అయితే? పెట్టె మా ఇంటికి తీస్కపోత ఆపా."

"రిహార్సల్ల తప్పితే తీస్కపోండి."

ఆ రోజు సారు మెయిన్ ఆపారు. పెట్టె మూత తీసి చూశాను. తీగలన్నీ కొత్తవి! ముందురోజే ఆపా మార్చేసి పోయారు. ఒకే పొడవు, వంకర లేదు, గీత లేదు. ఒక్కదానికీ ముఖం లేదు. సాకెట్లో ఉన్నది ఛార్జరే కదా అని ఊడదీశాను. మిగిలినవాటిలో ఏది?

"నేను పెట్టనా?" సారు ముందుకు వంగారు.

"చేతులు ఎన్కకు సార్!" అన్నాను. మొదటి చీటీ మీద వేలు పెట్టాను. "దీ... పం." వదిలేశాను. "రే... డి..." 'యో' నోట్లోంచి వచ్చేలోపే చెయ్యి ప్లగ్గును నెట్టేసింది.

రేడియోలో వెలుగొచ్చింది. గరగరల్లోంచి ఆపా గొంతు. "మల్లమ్మ చదివిందా, మొఖం చూసి పట్టిందా? ఓవర్."

సారు నావైపు చూసి మైకు అందుకున్నారు. "చదివింది ఆపా. నన్ను వేలు గూడ పెట్టనియ్యలే. పెట్టె ఈడనే ఉంటది. ఓవర్."

ఆపా బటన్ వదలకుండా నవ్వుతూనే ఉన్నారు. ఆమె వదిలితే తప్ప మేం మాట్లాడే వీల్లేదు. అందుకని మేమూ నవ్వుతూ కూర్చున్నాం.

ఆపా ఇప్పుడు లేరు. తాండూరు బస్సెక్కితే నేను కిటికీ పక్కనే కూర్చుంటాను. దారిలో ఊళ్ళ పేర్లు, దుకాణాల బోర్డులు, గోడమీది రాతలు, ఏదీ వదలకుండా పెదవులు కదుపుతూ చదువుతాను. నేను జపం చేసుకుంటున్నాననుకుని పక్కవాళ్ళు జరిగి చోటిస్తారు.