శాండీఫోర్డ్ రాతితోటలో చచ్చిన నీలిగడ్డి

2019 ఫిబ్రవరిలో నన్ను శాండీఫోర్డ్‌లోని ఒక ఆఫీసు భవనానికి పంపారు. అప్పుడు నేను క్లాండాల్కిన్‌లో ఉన్న ఒక తోటల నిర్వహణ సంస్థలో సీనియర్ సూపర్‌వైజర్‌ని. భవనాల చుట్టూ ఉండే పచ్చికలు, పొదలు, పూలమడులు చూసుకోవడం మా పని. తోటమాలుల పైన టీమ్ లీడర్లు, వాళ్ల పైన సూపర్‌వైజర్లు. ఎక్కడైనా మొక్కలు చచ్చిపోతే కారణం తేల్చి రిపోర్టు రాయడం నా బాధ్యత. గుంటూరు జిల్లాలో పుట్టి, వ్యవసాయ కళాశాలలో చదివి, మా వారి ఉద్యోగం వల్ల ఐర్లాండ్ చేరిన దాన్ని. ఇక్కడి వాన నాకు పాఠ్యపుస్తకాల్లో లేని సంగతులు చాలా నేర్పింది.

ఈసారి చచ్చినవి రాతితోటలోని గడ్డిమొక్కలు. కొండవాలును తలపించేలా బండలు పేర్చి, వాటి సందుల్లో ఎత్తైన కొండల మీద పెరిగే మొక్కలను నాటితే అది రాతితోట. ఇక్కడ బ్లూ ఫెస్క్యూ అనే గడ్డిని గుబుర్లుగా నాటారు. సూదుల్లాంటి ఆకులు, బూడిద కలిసిన నీలం రంగు. దూరం నుంచి చూస్తే చిన్న ముళ్లపందులు ముడుచుకుని కూర్చున్నట్టు ఉంటాయి. మంచునూ గాలినీ సారం లేని నేలనూ తట్టుకునే జాతి. అలాంటిది, నాటిన తర్వాత వచ్చిన మొదటి చలికాలంలోనే సగానికి పైగా గోధుమరంగుకు తిరిగింది.

భవనం మేనేజరు శ్రీధర్ నల్గొండ వాడు. నాకంటే చాలా చిన్నవాడు. ఆ రాతితోటను వేరే కాంట్రాక్టరు చేత కట్టించి, పని బాగుందని ఒప్పుకుని తీసుకున్నది అతనే. నేను తడి కోటు విప్పకముందే ఫోన్‌లో సీసీ కెమెరా వీడియో చూపించాడు.

“చూడుండ్రి ఆంటీ. సండే పొద్దున ఇది. మీ షేమస్ కాదా?”

షేమస్ అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మా తోటమాలి. అంతకుముందు శరత్కాలంలో టీమ్ లీడర్ ఉద్యోగం అతనికి రాకుండా, అతనికంటే చిన్నవాడికి దక్కింది. అప్పటినుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని విన్నాను. వీడియోలో అతను నీళ్లక్యాన్ మోసుకుంటూ రాతితోట పక్కగా వెళ్తున్నాడు. ఆదివారం మాకు సెలవు. పైగా ఐర్లాండ్‌లో చలికాలం ఏ గడ్డికీ నీళ్లు పోయనక్కర్లేదు.

“కలుపుమందు పోసిండు ఆంటీ, కోపంతోని. మీరు రిపోర్ట్ రాసియ్యుండ్రి, మిగతాది నేను చూసుకుంట,” అన్నాడు శ్రీధర్.

నేనూ అదే అనుకున్నాను. షేమస్‌ను పిలిచి ఆదివారం వచ్చావా అని అడిగితే, రాలేదన్నాడు. వీడియో చూపించాను. ఇక్కడివాళ్లు ‘సరే’ అనే తీరులో, “గ్రాండ్. మీకు తోచింది రాసుకోండి,” అని వెళ్లిపోయాడు. ముఖం మీదే అబద్ధం. కావాలని మొక్కలను పాడుచేసినట్టు తేలితే మా సంస్థలో ఉద్యోగం పోతుంది. పింఛనుకు దగ్గరపడిన మనిషి. అయినా నాకు జాలి కలగలేదు.

రిపోర్టుతో పాటు నమూనా పంపాలి కాబట్టి ఆకులు కోయడానికి మడి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. చచ్చిన గుబుర్ల మధ్య గులకరాళ్లలోంచి కలుపుమొక్కలు నవనవలాడుతూ లేచి ఉన్నాయి. కలుపుమందు కలుపును వదిలేసి పక్కనున్న గడ్డిని మాత్రమే చంపిందంటే నమ్మేదెలా? ఒక గుబురును పట్టుకుని లాగాను. ఆకులన్నీ పిడికిట్లోకి ఊడివచ్చాయి. మొదలు నల్లగా, జిగురుగా ఉంది, మురుగువాసన. పైవరసలో బండల మీదున్న మొక్కలకు ఏమీ కాలేదు. చచ్చినవన్నీ వాలు కింద ఉన్నవే.

వ్యాన్‌లోంచి పార తెప్పించాను. అది చూసి శ్రీధర్ బయటికి వచ్చాడు.

“తవ్వుడెందుకు ఆంటీ? వీడియో ఉన్నది కదా. మనం తెలుగోళ్లం, మనకెందుకీ లొల్లి?”

తెలుగు ప్రసక్తి అక్కడికి ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. అంతవరకు ఒకవైపే ఉన్న నా అనుమానం రెండోవైపు తిరిగింది. కాంట్రాక్టరు అడుగున ఏం నింపాడో చూశావా అని అడిగాను.

“దగ్గరుండి చూసిన.”

“ఏం నింపాడు?”

“అదే ఆంటీ, గ్రావెల్.”

గ్రావెల్, అంటే గులకరాళ్లు, పైన పరుస్తారు. అడుగున పగిలిన రాళ్లూ ఇటుకముక్కలూ మందంగా వెయ్యాలి. వాటి మీద ఇసుక, చిన్నరాళ్లు బాగా కలిపిన మట్టి పోయాలి. అప్పుడే వాననీరు నిలవకుండా దిగిపోతుంది. ఈ జాతి గడ్డి చలికి చావదు. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

నేను తవ్విన గుంటలో పలచని గులకరాళ్ల పొర కింద బూడిదరంగు బంకమట్టి బయటపడింది. దాని మీద యంత్రంతో చదును చేసిన గీతలు ఇంకా చెరగలేదు. పగిలిన రాయి ఒక్కటీ లేదు. చూస్తుండగానే గుంటలోకి నీరు ఊరి, అక్కడే నిలిచిపోయింది.

శ్రీధర్ వంగి చూశాడు. “నాకు తెల్వదు మేడమ్,” అన్నాడు. ఆ తర్వాత నన్ను మళ్లీ ఆంటీ అని పిలవలేదు.

షేమస్‌కు కూడా ఆ గుంట చూపించి, గడ్డి ఎలా చచ్చిందో చెప్పాను. అప్పుడు నోరు విప్పాడు. ఎదురు వీధిలో చిన్నపిల్లలను చూసుకునే క్రెష్‌లో, వాన తగలని చూరు కింది పూలకుండీల పని ఆదివారాలు సొంతంగా చేస్తున్నాడట. మా క్యాన్, ఈ భవనం కుళాయి వాడుకుంటున్నాడట. అనుమతి లేని బయటిపని మా నిబంధనలకు విరుద్ధం. అందుకే రాలేదని అబద్ధమాడాడు.

రిపోర్టులో నేల సంగతి, షేమస్ బయటిపని రెండూ రాశాను. షేమస్ ఉద్యోగం నిలిచింది. బయటిపనికి రాతపూర్వకంగా హెచ్చరిక మాత్రం వచ్చింది. “ఆ ముక్క రాయకుండా ఉండొచ్చుగా,” అన్నాడు నాతో. వీడియో అందరూ చూశారనీ, దాని సంగతి దాటవేస్తే నేల గురించి రాసింది కూడా ఎవరూ నమ్మరనీ చెప్పాను. అతను ఒప్పుకోలేదు. కొన్నాళ్లపాటు నేను పలకరించినా తల ఊపి పక్కకు తప్పుకునేవాడు.

కాంట్రాక్టరు సొంత ఖర్చుతో తోట విప్పి మళ్లీ కట్టాడు. వసంతంలో నాటిన కొత్త గడ్డి మరుసటి చలికాలం దాటింది. శ్రీధర్‌కు అడుగు సంగతి ముందే తెలుసా, లేక చూడకుండానే చూశానన్నాడా అన్నది నేను తేల్చలేకపోయాను. మా పైవాళ్లు అడిగినప్పుడు అదే చెప్పాను.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు, రాతితోట అప్పగింతకు ఎవరు పిలిచినా గులకరాళ్లు పరచకముందే పిలవండి అని షరతు పెట్టేదాన్ని. మొక్కలు చచ్చిన చోట మనుషులను ప్రశ్నించే ముందు నేల తవ్వి చూడాలని టీమ్ లీడర్లకు నేర్పాను. అబద్ధమాడిన మనిషి ఏదో ఒకటి దాస్తూ ఉంటాడు. అది మనం వెతుకుతున్నదే కావాలని లేదు.