ఇంటికొచ్చిన ఓటు

మొన్నటి ఎన్నికలకు కొన్నాళ్ళ ముందు, ఒక ఉదయం, ఏలూరులో నేను అద్దెకుంటున్న చిన్న వాటా ముందు ప్రభుత్వం వారి జీపు ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఎంతో మర్యాదగా లోపలికి వచ్చి, నా మంచం పక్కనున్న బల్ల మీద అట్టలతో ఒక మరుగు నిలబెట్టి, దాని వెనక నా చేత ఓటు వేయించుకున్నారు. ఎనభై అయిదు దాటినవాళ్ళు పోలింగు కేంద్రానికి రాలేకపోతే ఇప్పుడు వాళ్ళే ఇంటికి వస్తున్నారు. మోకాళ్ళు పట్టేసి వీధి చివరిదాకా కూడా నడవలేకపోతున్నానని అంతకుముందు ఇంటింటికీ తిరిగిన అమ్మాయితో చెప్పి, సరేనని సంతకం పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. తెల్లవారుజామునే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వాళ్ళందరికీ సరిపడా కాఫీ డికాషను తీసి ఉంచాను. వద్దండీ అమ్మగారూ, ఇంకా చాలా ఇళ్ళు తిరగాలండీ అని వాళ్ళ వెంట వచ్చిన ఆ అమ్మాయి నొచ్చుకుంటూనే చెప్పింది. ఈ వీధిలో నా ఈడువాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే చేతిలోని కాగితం చూసి, మీరొక్కరేనండీ అంది. జీపు వెళ్ళిపోయింది. ఇంత తొందరగా నా జన్మలో ఎప్పుడూ ఓటు వెయ్యలేదు. పొద్దు ఇంకా అంతా మిగిలే ఉంది.

ఓటంటే మీట నొక్కి రావడమే అనుకునేవాళ్ళకు ఈ దిగులు చెప్పినా అర్థం కాదు. నా తరం ఆడవాళ్ళకైతే అర్థమవుతుందేమోనని, ఆ తరంలో ఇంకా ఎవరైనా చదువుతున్నారేమోనని, రాస్తున్నాను.

నేను పెంటపాడు దగ్గర వరిచేల మధ్య పుట్టి, తాడేపల్లిగూడెం కాపురానికి వెళ్ళినదాన్ని. ఆ కాపురం మూడేళ్ళకే ముగిసిపోయి పుట్టింటికి తిరిగొస్తే, మా అన్నయ్య నలుగురి మాటా లెక్కచెయ్యకుండా నన్ను నర్సు ట్రైనింగుకు పంపించాడు. అలా తిరిగి తిరిగి కొల్లేటిలో ఒక లంక ఊరికి చేరాను. చుట్టూ నీళ్ళు, కిక్కిస గడ్డి దుబ్బులు, మధ్యలో తాబేటి వీపులా లేచిన దిబ్బ మీద ఊరు. తాటిదోనె ఎక్కితే తప్ప అవతలి గట్టు లేదు. మాగాణి మనిషిని, ఆ నీళ్ళను చూసి మొదటి ఏడాదంతా బెంగపడ్డాను. పురుళ్ళు పోసి, సూదులు వేసి గదికి తిరిగొచ్చాక మాట్లాడే దిక్కుండేది కాదు. అటువంటప్పుడు ఎదురింటి మామ్మగారు తమలపాకులు పట్టుకుని వచ్చి నా అరుగు మీద కూర్చునేవారు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగిన మనిషి, భర్త పోయాక కొడుకు పంచన చేరి, మనవల్ని ఆడిస్తూ, ఎవరే పని చెబితే ఆ పని చేస్తూ ఉండేవారు.

ఎన్నికల రోజు వస్తే మాత్రం ఆవిడ తీరే వేరు. మా ఊరి బళ్ళోనే ఓట్లు పడేవి. ఆ రోజు వేటకు ఎవరూ వెళ్ళేవారు కాదు. ముసలివాళ్ళంతా పొద్దున్నే గంజి తాగి, దాచుకున్న చీరలు కట్టుకుని, చూపు ఆననివాళ్ళు చూపున్నవాళ్ళ భుజం పట్టుకుని, ఒక గుంపుగా బయలుదేరేవారు. బడి నీడన చతికిలబడి ఆకూ వక్కా పంచుకుంటూ, ఏ వరదలో ఎవరు దోనె మీద కొత్త కోడలై వచ్చిందీ, ఏ తుఫానుకు ఎవరి పాక లేచిపోయిందీ చెప్పుకుంటూ, తమ వంతు వచ్చినా లేవకుండా మరికాస్త కూర్చునేవారు. లే, పనుంది అనే మాట ఆ రోజు వాళ్ళకు వినిపించేది కాదు. మగవాళ్ళు ఎండలో నిలబడి వాళ్ళు కానిచ్చేదాకా ఆగేవారు. నాకప్పటికి నలభైలే అయినా ఆ ముసలివాళ్ళ వరసలోనే నిలబడేదాన్ని. ఆ ఊళ్ళో నేను ఎవరి పక్కన నిలబడాలో చెప్పే చుట్టరికం నాకేదీ లేదు మరి.

తరవాతి ఎన్నికలకు మా బళ్ళో పోలింగు తీసేశారు. ఓటర్లు తక్కువట, కాలవ అవతలి పెద్ద ఊళ్ళో కలిపేశారు. అంటే దోనె ఎక్కి, దిగి, నీడనేది లేని చేపల చెరువు గట్టు మీద ఎండలో నడిచి వెళ్ళాలన్నమాట. ఆ రోజు దోనెలన్నీ మగవాళ్ళతో నిండిపోయాయి. నువ్వెందుకమ్మా, గట్టు మీద పడితే నిన్ను మొయ్యలేక మేం చావాలి అని మామ్మగారి కొడుకు విసుక్కున్నాడు. అయినా ఆవిడా, ఆవిడ వియ్యపురాలూ రేవులోకి దిగారు. వియ్యపురాలు దోనె అంచు అందక జారి నడుం లోతు ఊబిలో కూరుకుపోతే నలుగురూ పట్టి లాగారు. మామ్మగారు ఒక్కరే వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి, నేను వియ్యపురాలి మడమకు కట్టు కడుతుంటే గుమ్మంలో చతికిలబడ్డారు. ఆవిడ వెళ్ళేసరికే ఆవిడ ఓటు ఎవరో వేసేశారట. మీరు రారనుకున్నాం మామ్మగారూ అని అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్వారట. ఆ నవ్వినవాళ్ళలో మా ఊరివాళ్ళూ ఉన్నారని మాత్రం, లేచి వెళ్ళబోతూ చెప్పారు.

కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు ఆకు నములుతూ, "నర్సమ్మగారండీ, కలెక్టరు గారు ఏలూరులో ఎక్కడుంటారండీ?" అని అడిగారు.

నాకు భయం వేసింది. ఎవరి ఓటు వాళ్ళే వేసుకుంటామంటే ఊరి పెద్దలకు గిట్టదని నాకు తెలుసు. సంగతి ఎలా పొక్కిందో గానీ, వాళ్ళలో ఒకాయన నన్ను పిలిచి, మీరు గవర్నమెంటు ఉద్యోగస్తులు, మందులిచ్చుకుంటే అందరికీ మంచిదండీ అని ఎంతో మెత్తగా చెప్పాడు. మీరు దారి చూపించండి చాలు, గేటు బయటే ఉండిపోదురు గాని అని మామ్మగారే నాకు ధైర్యం చెప్పారు. సెలవు పెట్టి, దోనెల మీద, ఆ తరవాత బస్సులో, ఊరి ముసలివాళ్ళను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళాను. బస్సులో ఒకావిడకు వాంతులు. ఇంకొకావిడ ఏలూరు చూడడం అదే మొదలు, కిటికీ వదల్లేదు.

గేటు బయట ఉండిపోదామనుకున్నదాన్ని, వాళ్ళు లోపల తికమకపడుతుంటే చూడలేక నేనూ వెళ్ళాను. కచేరీలో మమ్మల్ని చూసిన ప్రతివాళ్ళూ పింఛను కోసమే వచ్చామనుకున్నారు. బంట్రోతు అదే అడిగాడు, గుమాస్తా అదే అడిగాడు, దయగల ఒకాయన పింఛను కాగితాలు తీసుకునే కిటికీ దాకా మమ్మల్ని నడిపించుకుని కూడా వెళ్ళాడు.

"పింఛను కాదు నాయనా, ఓటు" అన్నారు మామ్మగారు.

ఓటేంటమ్మా, ఎన్నికలు అయిపోయాయిగా అని ఆయన నవ్వాడు. అయిపోయాయి గనకే వచ్చామండీ అన్నారు ఆవిడ.

మధ్యాహ్నం దాటాక కలెక్టరు గారి ముందుకు వెళ్ళాం. చిన్నవయసు మనిషి, చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నారు. ముసలివాళ్ళ కోసం ఎన్నికల రోజున ఒక పడవ ఏర్పాటు చేయిస్తానన్నారు. మేమందరం సరేనన్నట్టు తలలు ఊపాం.

మామ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "పడవ వేస్తే మగాళ్ళే ఎక్కుతారు బాబూ. మా బడి మాకిప్పించండి, అది ఎక్కడికీ కదలదు."

ఆయన నవ్వి, చూద్దామమ్మా అన్నారు. అంతే. చూద్దామంటే అవుతుందో కాదో తెలియకుండానే తిరుగు బస్సు ఎక్కాం.

ఊళ్ళో ఆ తరవాత మామ్మగారి కొడుకు ఆవిడతో మాటలు మానేశాడు. కోడలు కంచంలో అన్నం పెట్టి పక్కన ఉంచేది తప్ప తినమని పిలిచేది కాదట. బస్సులో మాతో వచ్చినవాళ్ళు కూడా ఇంట్లోవాళ్ళ గోల పడలేక ఆవిడ అరుగు వైపు రావడం తగ్గించారు. ఆవిడా నేనూ మిగిలాం. అదీ ఎన్నాళ్ళో సాగలేదు, నాకు కామవరపుకోట వైపు బదిలీ అయింది. అది శిక్షో, మామూలు బదిలీయో నాకు ఇప్పటికీ తెలియదు. ట్రంకు పెట్టెతో నేను దోనె ఎక్కుతుంటే మామ్మగారు రేవులో నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. మెట్ట ఊళ్ళో నాకు నీళ్ళ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. ఒకప్పుడు ఏ నీళ్ళను చూసి బెంగపడ్డానో ఆ నీళ్ళ కోసమే బెంగ పెట్టుకున్నాను. నా వల్ల ఆవిడ ఇంట్లో కూడా ఒంటరివారైపోయారే అనుకునేదాన్ని.

మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు, పనిమీద ఏలూరు ఆసుపత్రికి వెళ్తే అక్కడ కనిపించిన లంక ఊరి మనిషొకడు, మన బళ్ళోనే పెడుతున్నారండీ అని చెప్పాడు. నా పేరు ఇంకా అక్కడి జాబితాలోనే ఉంది. చీకటితో బయలుదేరి బస్సులు మారి వెళ్ళాను. దోనె దిగేసరికి బడి నీడన వాళ్ళందరూ ఉన్నారు. అరుగు మీదికి రావడం మానేసినవాళ్ళు కూడా మామ్మగారి చుట్టూ చేరి ఆకులు తుంచుకుంటున్నారు. వియ్యపురాలు మాత్రం లేరు, ఆ ఏడే పోయారట. మామ్మగారు బాగా చిక్కిపోయారు. నన్ను చూసి, అంత దూరం నుంచి ఎందుకొచ్చారండీ అని కోప్పడి, పక్కన చోటు చేశారు. లోపలికి వెళ్ళి ఆవిడ ఎంతసేపు ఉన్నారంటే బయట మగవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. వచ్చాక కొడుకు, అన్నాళ్ళకు మొదటిసారి కాబోలు నోరు విప్పి, ఎవరికేశావే అని అడిగాడు.

"నీకు చెబితే అది నా ఓటెలా అవుద్దిరా?" అన్నారు. వాడితో సహా అందరూ నవ్వారు. ఆ సాయంత్రం కోడలు నన్ను కూడా భోజనానికి పిలిచింది.

ఆవిడకు అదే చివరి ఓటు. ఆ తరవాత నేను ఉద్యోగం విరమించి ఏలూరులో స్థిరపడ్డాను. ఆ నీడన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారన్న కబుర్లు కొన్నాళ్ళు వచ్చాయి, ఆ తరవాత కబురు చెప్పేవాళ్ళు కూడా లేకుండా పోయారు. ఇప్పుడు ఆ లంకకు వంతెన పడిందని, ఆడపిల్లలు స్కూటర్ల మీద వెళ్ళి ఓటేసి వస్తున్నారని విన్నాను. వినడానికి ఎంత బాగుందో.

మొన్న పోలింగు రోజున మా ఇంటిగలవాళ్ళ కోడళ్ళు తయారై గేటు దాకా వచ్చి, మీదైపోయిందిగా మామ్మగారూ, హాయిగా కూర్చోండి అన్నారు. నేనూ వచ్చి ఊరికే కాసేపు కూర్చుంటానే అన్నాను. ఓటు లేనివాళ్ళను ఉండనివ్వరండీ, ఎండ కూడానూ అని జాలిగా చెప్పి వెళ్ళారు. వాళ్ళన్నదీ నిజమే. గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధిలో గుంపులుగా వెళుతున్న ఆడవాళ్ళను, వాళ్ళ మాటలు దూరమయ్యేదాకా వింటూ కూర్చున్నాను.

మంచం దిగలేనివాళ్ళకు కూడా ఇవాళ ఓటు దక్కుతోంది, అది చిన్న సంగతి కాదు, కాదనను. ఓటు మాకు దగ్గరగా రావాలని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. అడిగినదానికంటే దగ్గరగా, మంచం పక్కకే వచ్చింది. నడిచి వెళ్ళగలిగేంత దగ్గరుంటే చాలని గదా ఆ రోజు అడిగాం. మామ్మగారే ఉంటే, ఆ అట్టల మరుగునూ, ఈ గదినీ ఒకసారి పారజూసి, "ఓటు తెచ్చారు సరే బాబూ, మిగతావాళ్ళేరండీ?" అని జీపులో వచ్చినవాళ్ళను తప్పకుండా అడిగి ఉండేవారు. నాకు ఆ మాట వాళ్ళు వెళ్ళిపోయిన తరవాత గానీ తోచలేదు.