అత్తమ్మ తాగని ప్లాంటు నీళ్లు

జహీరాబాద్‌ల మా గల్లీకి నల్లా నీళ్లు మున్సిపాలిటీవి, తాగే నీళ్లు ప్రైవేటువి. నల్లా నీళ్లతోని బట్టలు, బాసన్లు, తానాలు. తాగాలంటే గల్లీ చివర్ల ఒకాయన పెట్టిన ఫిల్టర్ ప్లాంటుకు క్యాను పట్టుకొని పోవాలె. ఇండ్లకు క్యాన్లేసే ఆటో ఉంది గని మా సందుల దూరదు. జర మెట్లెక్కి ఇచ్చిపో తమ్మీ అని డ్రైవర్‌ను బతిమిలాడితే, "నాతోని కాదక్కా" అని మొఖం మీదనే చెప్పిండు. మాది రెండో అంతస్తు. మా ఆయన పొద్దుగాలనే ఫ్యాక్టరీ డ్యూటీకి పోతడు. ఇగ మోసేదెవరు, నేనే!

మా అత్తమ్మది న్యాల్‌కల్ దిక్కు పల్లె. మామయ్య పోయినంక మా దగ్గరికొచ్చి ఉంటున్నది. మొన్న ఎండకాలంల మూత్రంల మంట అంటే దవాఖానకు తీస్కపోయిన. కిడ్నీల రాళ్లున్నయన్నరు. "నీళ్లు బాగా తాపియ్యున్రి, లేకుంటే కిడ్నీ ఖరాబైతది" అని డాక్టరమ్మ ఆమెకు కాదు, నాకు చెప్పింది. అప్పటిసంది నాకదే ఫికర్.

ఆమె తాగితే గద! గ్లాసు చేతికిస్తే పెదవులు తడుపుకొని పక్కకు పెట్టేది. "గీ మిషిన్ నీళ్లు చప్పగుంటయ్ బిడ్డా, గొంతు దిగుతలేవు" అనేది. సోంపేసి ఇచ్చిన, నిమ్మకాయ పిండిన, రాగి చెంబుల పోసి పెట్టిన. ఊహూఁ. నాకసలే కోపం ముక్కు మీదుంటది. "మీరు మంచాన పడితే ఎత్తేది నేనే గద అత్తమ్మా!" అని ఒర్రిన. ఒర్రినంక నాకే ఏడుపొచ్చింది.

ఒకనాడు మా ఆడబిడ్డ ఇంటికి పోయినం. వాళ్లిల్లు మెయిన్ రోడ్డు పక్కనే. మా ప్లాంటు ఆటోనే వాళ్లకూ క్యాన్లు తెచ్చి లోపలిదాకా పెట్టిపోతది. అత్తమ్మ కూసుంటనే నీళ్లడిగింది. గటగట తాగింది. ఇంకో చెంబడిగి అదీ తాగింది. నాకు ఒళ్లు మండింది. ఆడబిడ్డ ముంగట ఏమనలేక, ఇంటికి రాంగనే అందుకున్న.

"అవి గూడ మన ప్లాంటు నీళ్లే గద! బిడ్డ ఇంట్ల తియ్యగైనయ్, నా ఇంట్ల చప్పగైనయా?"

ఆమె నా చెయ్యి పట్టుకొని పక్కన కూసోబెట్టుకున్నది. "ఆడ ఆటో తెస్తది బిడ్డా. ఈడ నువ్వు తెస్తవ్. క్యాను దించి నడుం పట్టుకొని గోడకు ఒరుగుతవ్, నేను చూస్తలేనా? నేను జర తక్కువ తాగితే ఒక్కరోజన్న నీకు మెట్లు తప్పుతయనుకున్న."

ఎన్నెన్ని మాటలన్ననో అన్నీ యాదికొచ్చినయ్. ఆమె ఒళ్లె తలపెట్టి చిన్నపోరి లెక్క ఏడ్చిన.

కండ్లు తుడ్సుకొని గ్లాసు నింపి ఇచ్చిన. ఆమె దాన్ని నా దిక్కే జరిపింది.

"మా ఊర్ల బాయి నుంచి నీళ్లు మోసుకొచ్చినోళ్లకే మొదటి చెంబు. వాళ్లు తాగినంకనే ఇంటోళ్లు ముట్టేది. నువ్వు ఒక్కనాడన్న నాకంటే ముందు తాగినవా?"

లేదు. పెద్దామెకు ముందియ్యకుంటే తప్పని నేను ఎప్పుడూ ఆమెకే ఇచ్చిన. ఆ గ్లాసెత్తి చుక్క మిగల్చకుండ తాగిన. అప్పుడు ఆమె చెయ్యి చాపింది.

"ఇగ నాకియ్యి. నిండుగ ఇయ్యి."