అక్క బావి నీళ్ల వాసన

పోయినవి లెక్కపెడితే ఇవీ: కొబ్బరినీళ్లలాంటి నీళ్లున్న బావి ఒకటి, దాని కింద ఏటా పండే మిర్చి మడి, ఇంటికి సరిపోను పాలిచ్చే బర్రె, పక్క చేనువాళ్లతో పొద్దున్నే ఉండే మాటాముచ్చట, చిన్నబాపు అనే పిలుపు మీద మా అక్కకు ఉండిన గౌరవం. ఇన్నీ ఒక్క వాసన వెంట పోయాయి. మొన్న బోధన్‌లో బస్సు దిగి హోటల్లో కూర్చుంటే నా ముందు నీళ్ల గ్లాసు పెట్టారు. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గల్లా దగ్గరున్న హోటలాయన చూసి, "ఏంది సారూ, గట్ల వాసన సూస్తున్నరు? కల్లనుకున్నరా?" అని నవ్వాడు. నేనూ నవ్వి తాగాను.

రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమైన తొలి సంవత్సరాలవి. నేను చెరకు బండ్లు తూచే చోట గుమాస్తాను. బడిలో చదివింది కొద్ది, లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అక్కను రుద్రూర్ దారిలోని ఒక ఊరికి ఇచ్చారు. అక్కడ రోడ్డు పక్కన మెరకలో బావకు చిన్నబాపు, అంటే చిన్నాన్న వరసయ్యే ఆయన చెరకు లారీల కోసం బంకు పెట్టి, డీజిలుకు ఇనుప ట్యాంకు భూమిలో పూడ్పించాడు. దానికి దిగువన అక్కవాళ్ల బావి. ఆ పక్క చేను, బంకుకు బాగా ఎడంగా, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్న ఒక రైతుది. ఆయన బావి గట్టున ఆయిల్ ఇంజను ఉండేది.

ఒక వేసవిలో ఆ వాసన ముందు పప్పులో తెలిసింది. ఆ తర్వాత బొక్కెనలో నీళ్ల మీద నెమలికంఠం రంగులు తేలాయి. చూడటానికి అందంగా ఉండటం వల్ల మరింత అసహ్యం వేసేది. బర్రె తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసుకునేది, దాహానికి ఆగలేక తాగేది. అలా చిక్కిపోయి పాలు ఎండితే చివరికి సంతకు తోలేశారు.

బావి చెడితే నీళ్లన్నీ తోడి పారబోయాలని మనవాళ్ల నమ్మకం గదా, నా ఈడు వాళ్లకు తెలిసిందే. పక్క రైతును అడిగి ఆయన ఇంజను తెచ్చి బావిని ఎండగొట్టారు. ఖాళీ అయిన బావి చుట్టూ భూమిలో ఉన్నదంతా తనలోకి లాక్కుంటుందని మాకెవరికీ తట్టలేదు. కొత్తగా ఊరిన నీళ్లలో కంపు ఇంకా పెరిగింది. చిన్నబాపు వచ్చి గట్టు మీద నిలబడి, "గాయన ఇంజను పెట్టినంకనే ఎక్కువైంది గద పిల్లా, గా ఆయిలే గిది" అన్నాడు. ఇంటి పెద్ద మాట అని అక్క నమ్మి, చేని గెట్టు మీదికి పోయి పక్క రైతును నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన తొణకకుండా, "మా ఇంజను మా నూతి మీదే ఉంటుందమ్మా ఏడాది పొడుగునా. మా నీళ్లకి రాని కంపు మీ నీళ్లకెలా వచ్చింది?" అన్నాడు. "నుయ్యి గియ్యి నాకు తెల్వది, నా బావి నాకు గావాలె" అని అక్క.

ఆ ప్రశ్న నాకు పట్టుకుంది. తూకం దగ్గర సిరా ఆరబెట్టే అద్దుడు కాగితం ఉండేది. దాని ముక్కలు ఒక్కో బావి నీళ్లలో ముంచి ఎండబెట్టాను. నీళ్లు ఆరిపోతాయి, నూనె మరక నిలిచిపోతుంది. అక్క బావి ముక్క దీపం ముందు పెడితే వెలుతురు అవతలికి కనిపించేంత మరక; దిగువన ఉన్న బావులవి, బంకు ట్యాంకుకు దూరమైన కొద్దీ, పోనుపోను పలచన; ఇంజను ఉన్న బావిది మాత్రం తెల్లగా ఆరింది. తాడు వదిలి నీటి మట్టం కూడా చూస్తూ వచ్చాను. కాలువ పారేటప్పుడు మట్టం పైకి వచ్చి వాసన తగ్గేది, కాలువ బందైతే మట్టం దిగి మళ్లీ వచ్చేది.

ఆ ముక్కలు పక్కపక్కన పెట్టి అక్కకు చూపించాను. అక్క బిందె తీసుకుని పక్క చేనుకు నడిచింది. "ఇంజను ఇక్కడే ఉందమ్మా, వాసన చూసుకుని మరీ తోడుకో" అన్నాడాయన. అంటూనే చేదతాడు తానే అందుకుని బిందె నింపాడు. అప్పటినుంచి అక్కకు నీళ్లు అక్కడివే. ముచ్చట్లు మాత్రం మళ్లీ మొదలుకాలేదు.

బావి గురించి అర్జీ పెట్టగా పెట్టగా నీళ్లు చూడటానికి నిజామాబాద్ నుంచి ఆఫీసరు వచ్చాడు, అదీ కాలువ నిండుగా పారే రోజుల్లో. ముందు చిన్నబాపు ఇంట్లో కోడికూర తిని, పళ్లలో పుల్ల పెట్టుకుంటూ వచ్చి, బావిలోకి వంగి చూసి, నీళ్లు తాగడానికి పనికొస్తాయని గట్టు మీదే కాగితం రాశాడు. కాలువ బందయ్యాక ఒకసారి వచ్చి చూడమని నేనంటే, చెరకు తూకం చూసుకోమన్నాడు. చిన్నబాపు తల ఊపాడు. బావ నేల చూపులు చూశాడు. ఆ ముగ్గురిలో ఎవరిని చూస్తే ఎక్కువ ఓకరింపు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

అక్క ఇత్తడి చెంబు నిండా ఆ బావి నీళ్లు తెచ్చి ఆఫీసరు ముందు పట్టింది. "మంచిగున్నయంటిరి గద సారూ, గింత తాగి పోండ్రి."

ఆయన చెంబులోకి చూశాడు, చిన్నబాపు వైపు చూశాడు. "ఇప్పుడే భోజనమైందమ్మా, మళ్లీ వచ్చినప్పుడు తాగుతా" అని జీపెక్కాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో కుళాయిలు వచ్చాయి. బంకు మూతపడింది. ట్యాంకును మాత్రం ఎవరూ తవ్వి తీయలేదు. చేదతాడు ఒరుసుకుని గాడిపడిన బావి రాయి మీద పిల్లలు కూర్చుని ఉప్పు చింతకాయలు తింటారు, లోపలికి మాత్రం తొంగి చూడరు, ఎందుకో వాళ్లకే తెలియదు. ఏ నీళ్లయినా వాసన చూడకుండా గటగటా తాగుతారు. అది చూస్తే సంతోషమూ భయమూ రెండూ కలుగుతాయి. వేసవిలో అక్క దగ్గరికి పోయినప్పుడు ఇంకా కాగితం ముక్క ముంచి చూస్తాను. మరక చిన్నదైంది, పోలేదు. కాలువ నీళ్లతో మిర్చి మళ్లీ పండింది, ఇంటికి వేరే బర్రె వచ్చింది. వాటిని లెక్కలోంచి కొట్టేశాను. పక్క రైతు భార్య పోయిన ఏడు అక్కను పేరంటానికి పిలిచింది, అదీ సగం కొట్టేశాను. ఆఫీసరు తాగుతానన్నది మాత్రం ఈనాటికీ బాకీ: ఒక చెంబు.