వాద్యాలకి చలేసిన సాయంత్రం

మా మ్యూజిక్ సార్ పోయారని మొన్న కాకినాడ నుంచి ఆయన భార్య, మా ఆంటీ, వాయిస్ మెసేజ్ పెట్టారు. నిద్రలోనే పోయారట. స్కూల్ బస్సులో విన్నాను. రెండోసారి వినే ధైర్యం రాలేదు.

సార్ ఇక్కడ రియాద్‌లో ఒక స్కూల్లో సంగీతం చెప్పేవారు. అది ఉద్యోగం. ఆయన ప్రాణమంతా మలాజ్ పేటలోని తన ఫ్లాట్‌లో శుక్రవారం మధ్యాహ్నాలు కూడే మా చిన్న బృందం మీదే. మేం నలుగురం. వాయించేది బరోక్ సంగీతం. మీలో చాలామంది ఆ పేరు విని ఉండకపోవచ్చు. యూరప్‌లో మూడు వందల ఏళ్ల కిందటిది. అదీ ఊదే వాద్యాలతో మాత్రమే. సార్‌ది ఓబో, మన సన్నాయికి దూరపు చుట్టం. ఆస్పత్రిలో నర్సుగా చేసే మలయాళీ చేచి, అంటే అక్క, మనిషంత పొడుగు బసూన్ వాయించేది. నాదీ, ఒక ఇంజినీరు అంకుల్‌దీ రికార్డర్లు, నిలువుగా పట్టి ఊదే చెక్క వేణువులు.

ఆ ఫ్లాట్‌లో వాయించేటప్పుడు ఏసీ ఆపేయాల్సిందే. చల్లని చెక్కలోకి వెచ్చని ఊపిరి వెళితే లోపల నీరు పట్టి గొంతు పూడుకుపోతుంది. ఎండాకాలంలో కూడా చెమటలు కారుతూ ఊదేవాళ్లం. ఎప్పటికైనా కచేరీ చేసేదాకా ఎవరం మిగలం, అరబ్బుల బిర్యానీ కబ్సాలో మాంసంలా ఉడికిపోతామని చేచి దెప్పేది. సార్ నవ్వి ఆమెకి ఇంకో గ్లాసు మజ్జిగ పోసేవారు.

నేను పొడుగాటి స్వరాల వరసని ఒకే ఊపిరితో లాగేసి గొప్పగా చూస్తే, "బాగానే లాగావమ్మా. వినేవాళ్లు కూడా ఊపిరి తీసుకోవాలి కదా?" అనేవారు. ఆ మాటతో నా రాత కూడా మారింది. ఇప్పుడు ఏది రాసినా పైకి చదువుకుంటాను. ఊపిరి అందని చోట చుక్క పెడతాను.

కిందటేడు ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టర్లు తేల్చారు. ఊదడం మానేయమన్నారు. ఇంటికి వెళ్లిపోవడానికి ఎగ్జిట్ వీసా వేయించుకున్నారు. అయితే ఇన్నేళ్లలో మా బృందం బయట ఎక్కడా వాయించలేదు. వెళ్లేలోగా నిజమైన హాల్లో ఒక్క కచేరీ. అదొక్కటే ఆయన కోరిక. ఆంటీ ముందు ససేమిరా అన్నారు. తర్వాత ఆవిడే ఆయన కోటు ఇస్త్రీ చేశారు.

వేసవి సెలవులకి ముందు ఆ రోజు వచ్చింది. అలవాటు కొద్దీ పక్క గదిలో ఏసీ ఆపేసి శ్రుతి కలుపుకున్నాం. వేదిక ఎక్కితే హాలు ఫ్రిజ్‌లా ఉంది. అతిథుల ప్రసంగాలు అయ్యేదాకా వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. మొదలుపెట్టగానే తెలిసిపోయింది. ఒక్కోదాని శ్రుతి ఒక్కోలా దిగిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. నేను రికార్డర్ దించేశాను.

"నాతోని కాదు సార్," అన్నాను.

సార్ ఆపేశారు. "ఏం కొంప మునగలేదమ్మా. చెక్కకి చలేసింది, అంతే. చంకలో పెట్టుకో."

లేచి నిలబడి, మా వాద్యాలకి చలేస్తోంది, కాస్త ఓపిక పట్టండని సభకి ఇంగ్లిషులో చెప్పారు. అంతమంది చూస్తుండగా నలుగురం వాద్యాలని ఒంటికి హత్తుకుని కూర్చున్నాం. చేచి బసూన్‌ని కౌగిలించుకుంటే ఈసారి మేమే నవ్వాం. మళ్లీ మొదలుపెట్టాం. శ్రుతి కలిసింది. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఆఖరి రచనలో నెమ్మదిగా సాగే భాగం ఓబోది. సగంలో ఆయనకి ఊపిరి అందలేదు. నా వైపు చూశారు. ఆ వరస నాకు కంఠతా వచ్చు. నాది వదిలేసి దాన్ని అందుకున్నాను. చివరిదాకా తెగనివ్వలేదు.

ఇంటికి వస్తుంటే అమ్మ అడిగింది, "ఆఖర్ల సారు ఏళ్లు ఆడుతనే ఉన్నయి గని, సప్పుడు రాలేదేందే?"

పక్కనే కూర్చున్నాను కాబట్టి నేను చూశాను. ఓబో పెదవుల నుంచి జారి ఆయన ఛాతీకి ఆనుకుని ఉంది. కళ్లు మూసుకున్నారు. నేను ఊదే ప్రతి స్వరానికీ ఆయన వేళ్లు ఆ రంధ్రాలు మూస్తూ, తెరుస్తూ, నాకంటే ఒక్క రవ్వ ముందు నడుస్తున్నాయి.