మూడు గంటలు సరిపోని సారు

మా ఇంగ్లీషు సారు పోయారు. ఆదివారం పోతే బుధవారం గానీ నాకు తెలియలేదు. మంథని నుంచి కరీంనగర్ వచ్చిన ఆయన అల్లుడు మా బడి వరండాలో నిలబడి, "మామ పోయిండు. మూడో దినం గూడ అయిపాయె. నీకు చెప్పమని అత్తమ్మ అన్నది" అన్నాడు. ఏం జబ్బని అడిగాను. జబ్బేం లేదట. ఏడాదిగా తిండి తగ్గించుకుంటూ వచ్చారట. చేతిలో సుద్దముక్క పట్టుకుని మళ్ళీ క్లాసులోకి పోయాను గానీ ఆ రోజు ఏం చెప్పానో నాకే తెలియదు.

చదివేవారికి ఆయనెవరో తెలియదు కాబట్టి చెప్తాను. సారు నిజాం కాలంలో ఉర్దూలో మిడిల్ పాసయ్యారు. ఇంగ్లీషు మాత్రం అట్టలూడిన ఒక డిక్షనరీ ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నారు. పోలీసు చర్య తర్వాత బడులు తెలుగులోకి మారాయి. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు దొరకక మా ఊళ్ళో పెద్ద క్లాసులకు ఆయన్నే పెట్టారు. షరతు ఒక్కటే, మెట్రిక్ పాసు కావాలి. కాకపోతే చిన్నబడికి పంపేస్తారు.

మాకు అన్ని మాటలూ ఒకటే. నీడకు డిక్షనరీలో రెండు మాటలుంటే ఏది రాసినా నీడే కదా అనుకునేవాళ్ళం. సారు మమ్మల్ని బయటికి తీసుకుపోయి వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. "గిది షేడ్. ఇగ లేసి ఎండల నిలబడుండ్రి. మీ కాళ్ళ కాడ నల్లగ పడ్డది షాడో. దాంట్ల కూసుంటే సల్లబడుతరార?" మేం నవ్వాం. నవ్వాం గానీ ఆ రెండూ మళ్ళీ ఎన్నడూ కలిపి రాయలేదు.

ఒక ముసురు రోజు, గోదావరి పొంగుతున్నప్పుడు, నేను బట్టీ పట్టిన గొప్పతనం చూపించుకుందామని, వాన పిల్లులు, కుక్కల్లా కురుస్తోందని ఇంగ్లీషులో అన్నాను. సారు కిటికీలోంచి బయటికి చూశారు. "పిల్లులు, కుక్కలు ఆల్ల దేశం వానకు సాలుతయేమో. గీ వానకు బర్రెలు గూడ సాలవు. నీ కండ్లతోని సూసి చెప్పు" అన్నారు. గంట కొట్టేదాకా కిటికీ దగ్గర నిలబడి వాననే చూశాను.

ఏటా మార్చిలో మాతోపాటే ఆయనా మెట్రిక్ పరీక్షకు కరీంనగర్ వచ్చేవారు. అదే బస్సు, అదే జొన్నరొట్టెల మూట. మాలో కొందరం పాసయ్యేవాళ్ళం. ఆయన తప్పేవారు, అదీ ఇంగ్లీషులోనే. ఊరు దీన్ని తమాషాగా చెప్పుకునేది. కారణం మాకు తెలుసు. ఒక మాట రాయబోతే దానికి దగ్గరి మాటలన్నీ ఆయన ముందుకొచ్చేవి. ఏది సరైనదో తేల్చుకునేలోగా మూడు గంటలూ అయిపోయేవి.

నేను పాసైన ఏడు ఆయనతో అన్నాను, "సారూ, ఏదో ఒకటి రాసి ముందటికి పొండ్రి. ఎవరు సూస్తరు?"

"నేను సూస్త గద బిడ్డా" అన్నారు.

ఒకసారి పరీక్షకు బయల్దేరుతుంటే, ఈసారన్నా అవుతదా అని ఆయన భార్య అడిగింది. "పోయినేడు ఎక్స్‌పెక్ట్ చేసిన. గీయేడు ఉత్త హోప్" అన్నారు. ఆమెకు రెండూ అర్థం కాలేదు. చద్ది మూట చేతికిచ్చి లోపలికి పోయింది.

చివరికి ఆయన్ని గోదావరి ఒడ్డున ఒక పల్లెకు, ఒక్క పంతులుండే చిన్నబడికి పంపారు. అక్కడ ఇంగ్లీషు లేదు. ఓనమాలు దిద్దించి సాయంత్రం ఇంటికి వచ్చేవారు. నేను ఒకసారి చూడబోతే డిక్షనరీ మీద పప్పు డబ్బాలు పేర్చి ఉన్నాయి. పరీక్ష మాట ఎత్తే మొహం నాకు లేదు.

ఎందుకంటే ఆయన ఆఖరిసారి పరీక్ష రాసినప్పుడు ఆ గదిలో కాపలా ఉన్నది నేను. అప్పటికి నేనూ పంతులునే. అదే చివరి అవకాశమని ఆయనకు కాగితం వచ్చిందని నాకు తెలుసు. గంట కొట్టారు. వరుసగా పేపర్లు తీసుకుంటూ ఆయన బల్ల దగ్గరికి వచ్చాను. వ్యాసం వరద మీద. నది వెడల్పు చెప్పడానికి వైడ్ అని రాసి కొట్టేశారు. బ్రాడ్ అని రాసి కొట్టేశారు. మళ్ళీ వైడ్ రాస్తున్నారు. తర్వాతి ప్రశ్నలు ముట్టనే లేదు.

"సారూ, ఇయ్యుండ్రి" అన్నాను.

"జర ఆగు బిడ్డా" అన్నారు, తలెత్తకుండా.

గదంతా మమ్మల్నే చూస్తోంది. కొత్త ఉద్యోగం, భయం. నేను ఆగలేదు. పేపరు అంచు పట్టుకుని లాగాను. కలం ఆ మాట మీదుగా పొడుగ్గా గీత గీసుకుంటూ పోయింది.

ఐదు నిమిషాలు ఆగినంత మాత్రాన ఆయన పాసయ్యేవారు కాదు. గంట ఆగినా అయ్యేవారు కాదు. అయినా ఆ ఒక్క మాట రాయనివ్వాల్సింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆయనకు చెప్పుకోలేదు, ఇక చెప్పుకునే దారీ లేదు.

పేపర్లు కట్ట కట్టి వెనక్కి తిరిగాను. పిల్లలంతా వెళ్ళిపోయారు. సారు ఇంకా కూర్చునే ఉన్నారు. కుడిచేతిలో కలం ఉంది. ఎడమ చెయ్యి, బల్ల మీద లేని కాగితాన్ని కదలకుండా అదిమి పట్టుకుని ఉంది.