శ్రావణంలో శిస్తు లేదు

లోకంలో ఏం జరిగినా భీమేశ్వరరావుగారికి దాని కారణం తెల్లదొరల ఖజానాలో కనిపించేది. ఆయనది కాకినాడ. ఆయిల్ కంపెనీలో అకౌంటెంటు. కువైట్‌లోని మంగఫ్‌లో మా పై అంతస్తులో ఉండేవారు. బ్రిటిష్ కాలంలో భూమి శిస్తు ఏ నెలలో ఎలా వచ్చేదో చదవడం ఆయన సరదా. వినడం మా ఖర్మ.

మా అమ్మాయి సుప్రజ పుట్టినరోజుకి వచ్చి, పుష్యం నుంచి వైశాఖం దాకా పంటలమ్మిన డబ్బుతో ఖజానా ఎలా నిండేదో, ఆషాఢ శ్రావణాల్లో ఎలా ఎండిపోయేదో వివరించారు. ఈలోగా కేకు మీది కొవ్వొత్తులు వాటంతటవే కాలి ఆరిపోయాయి.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. బిల్డింగంతా మెట్ల మీద చేరి వణుకుతుంటే ఆయన మాత్రం, శ్రావణంలో ఏ ప్రభుత్వానికైనా చేతిలో డబ్బాడదనీ, అందుకే పక్కవాడి మీద పడ్డారనీ తేల్చేశారు. మా ఆయన వరప్రసాద్ ఆయన్ని మెట్ల మీంచి తోసేయకుండా నేనే ఆపాను.

కొన్నాళ్లకు దుకాణాలు ఖాళీ అయిపోయాయి. అందరికీ కలిపి ఒకే వంట అనుకున్నాం. ఇంటింటికీ తిరిగి సరుకులు పోగుచేసే పనికి ఎవరూ ముందుకు రాలేదు. భీమేశ్వరరావుగారు మాత్రం కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డారు. పొద్దున్నే సంచీతో వచ్చి, "శిస్తండీ," అనేవారు. మా ఆయన మంచం కింద దాచిన కందిపప్పు కూడా పట్టుకుపోయారు. ఎవరైనా బియ్యం తక్కువ పోస్తే, పూర్వం శిస్తు ఎగ్గొట్టినవాళ్ల చరిత్ర మొదలుపెట్టేవారు. అది వినలేక జనం ఇంకో డబ్బా పోసేవారు.

అలాంటి రోజుల్లో కువైట్‌లోనే ఇంకో ఊరు జహ్రా నుంచి సిద్ధమ్మ మా బిల్డింగుకి వచ్చింది. కడప మనిషి. తను పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోతే, కట్టుబట్టలతో ఎవరిదో లారీ ఎక్కింది. దిగేటప్పుడు పడి చెయ్యి విరిగింది. పని చెయ్యలేదు కాబట్టి అన్నం ముట్టనంది. టీ నీళ్లతోనే నెట్టుకొస్తూ నీరసించిపోయింది. ఎంత బతిమాలినా ఒకటే మాట.

"ఊరికే కూడు తినేది నాకు చేతగాదుక్కా."

భీమేశ్వరరావుగారు సంచీతో ఆమె ముందు నిలబడ్డారు. శిస్తు ఎందుకు కట్టలేదని నిలదీశారు. నాకు ఒళ్లు మండింది.

"నా కాడ ఏముండాది సారూ? చెయ్యి నయమైనాక రొట్టెలు చేసి పెడతా."

"మరి మీ పంట కాలం ఇంకా రాలేదన్నమాట. శ్రావణంలో దొరలు కూడా రైతుని అడగరమ్మా. తిండి పెట్టి బతికించుకుంటారు. పంటొచ్చాక వసూలు చేసుకుంటారు. రూలు రూలే. కూర్చుని తినండి."

సిద్ధమ్మ కాసేపు ఆలోచించింది. పళ్లెం ముందు కూర్చుంది.

దొరలు అంత మంచివాళ్లని నాకు తెలియదే అన్నాను బయటికొచ్చాక. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఛ, కరువులో కూడా ముక్కుపిండి వసూలు చేశారండీ వెధవలు. ఆవిడకి చెప్పకండేం."

లోపల సిద్ధమ్మ ఇంకాస్త పప్పు వేయించుకుంటోంది.